మోకరించే బండి

అంబాజీపేట,
జూన్ రెండో వారం.

శ్యామ్ సుందర్ బావగారికి,

ఆనందరావు వందనాలు. మీ చెవులు ఎలా ఉన్నాయి? ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోతోంది గానీ మీకు అక్షరం చేరడం లేదు. "ఉత్తరం రాయి అన్నయ్యా, ఆయనకి కళ్ళు బాగానే ఉన్నాయి" అని మా చెల్లెలు ఇందిర అంది. అందుకని కాయితం తీసేను. ఐదో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

బావగారూ, మన శారోన్‌కి ఉద్యోగం వచ్చేసింది! ప్రభుత్వ బడిలో టీచరు! మురమళ్ళ అవతల ఊళ్ళో వేసేరు. ఆర్డరు చూసి నేను ఏడ్చేను, వాళ్ళమ్మ నిర్మల ఏడ్చింది, పక్కింటి సూర్యావతి గారు సంగతేంటో తెలియకుండానే ఏడ్చేరు. శారోన్ ఒక్కతే నవ్వుతూ అందరికీ మంచినీళ్ళిచ్చింది. పేటలో కనపడ్డ ప్రతివాడికీ చెప్పేను. లారీకి కొబ్బరికాయలు ఎత్తుతున్న కూలీల్ని ఆపి మరీ చెప్పేను.

అసలు సంగతి ఇంకా ఉంది. మీకు తెలుసు కదా, పోలియో వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని నేనే ఎత్తుకు తిప్పేను. బడికి సైకిలు మీద, కాలేజీకి బస్సు మెట్టు మీదకి, సెలవుల్లో నా లారీ కేబిన్లోకి. కాలికి బిగించే ఇనప కేలిపరూ, చంకకర్రలూ వచ్చేక నేల మీద బాగానే నడుస్తుంది గానీ, ఎత్తు మెట్టు కనపడితే నా చెయ్యి ఉండాల్సిందే. ఇప్పుడు నా నడుం నా మాట వినడం లేదు. కిందటేడు ఆటోలోకి ఎత్తబోయి ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. బడికి రోజూ ఎలా వెళ్తుందా అని నాకు దిగులు పట్టుకుంది.

అందుకని తోటలో వెనక ముక్క అమ్మేసి బండి కొన్నాను. రొయ్యల చెరువులు మానేసిన ఒకాయన దగ్గర. పాత విదేశీ బండి, జీపుకి పెద్దన్నలా ఉంటుంది. దాని గొప్పేంటంటే, స్విచ్చి నొక్కితే కిందకి దిగుతుంది! ముందు మూతి వంచుతుంది, తర్వాత నడుం వంచుతుంది, అచ్చం ఏనుగు మోకరించినట్టు. దిగేది బెత్తెడే. ఆ బెత్తెడే కదా బావగారూ మనకి ఇన్నాళ్ళూ అడ్డమైంది! పిల్ల కూచున్నాక మళ్ళీ నొక్కితే పైకి లేస్తుంది. ఇంక ఎవరూ ఎత్తక్కర్లేదు. నాకు ఊపిరున్నంతకాలం నేనే దింపుతాను, నేనే తెస్తాను.

ఆదివారం ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టేం. పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నాకు మాటలెక్కడివి? "నేను కాదండీ, ఇవాళ బండి చెబుతుందండీ సాక్ష్యం" అని అందర్నీ వాకిట్లోకి తీసుకొచ్చి, శారోన్‌ని పక్కన నిలబెట్టి స్విచ్చి నొక్కేను. బండి మోకరించింది. పిల్ల ఎక్కి కూచుంది. అందరూ స్తోత్రం అన్నారు. వెనక వాళ్ళకి కనపడలేదంటే పిల్లని దింపి, మళ్ళీ ఎక్కించి చూపించేను. పాపం సంతోషం పట్టలేక తలొంచుకుని కూచుంది.

ఒక్క చిన్న లోటు. ముందు కుడి పక్క కొంచెం వాలినట్టుంటోంది. నేను తోలినవన్నీ కమాను పట్టీల లారీలు, ఈ యవ్వారం నాకు తెలీదు. మీరు పోర్టు షెడ్డులో మెకానిక్కుగా ఇలాంటివి చూసే ఉంటారు. ఏం చెయ్యాలో రాయండి.

సంతోషంతో మీ
ఆనందరావు.


విశాఖపట్నం,
జూన్ ఆఖరు.

ఆనందరావు బావా,

ఒక లారీలో ఒకే దుప్పటి కప్పుకుని తిరిగిన వాళ్ళం. చెల్లెల్నిచ్చిన దగ్గర్నుంచీ నీకు ఈ 'మీరు' జబ్బు పట్టుకుంది. నేను మాత్రం నువ్వనే రాస్తాను.

శారోన్ ఉద్యోగం కబురుకి మీ చెల్లెలు వీధంతా మిఠాయి పంచింది. నాకు ఒక్కటి పెట్టింది, షుగరని.

బండి సంగతి. దాన్ని మోసేది పట్టీలు కాదు, నూనె. పంపు నూనెని నెడుతుంది. ఒక్కో చక్రానికి ఒక ఇనప గుండు ఉంటుంది, అందులో బిగించిన గాలి ఆ నూనెని ఒత్తి పట్టుకుంటుంది. బండి ఎంత ఎత్తులో ఉందో కనిపెట్టి చెప్పడానికి చక్రాల దగ్గర సన్నటి కడ్డీలుంటాయి. నా అనుమానం గుండు మీద. పరీక్ష ఇలా చెయ్యి. బండి బాగా లేపి, బానెట్టు కింద నూనె డబ్బాలో మట్టం ఎక్కడుందో గీత పెట్టు. దించేసి ఇంకో గీత పెట్టు. దిగినప్పుడు నూనె వెనక్కొచ్చి మట్టం పెరగాలి. గీతల మధ్య ఎడం బాగా ఉంటే గుండ్లు బతికే ఉన్నాయి. దగ్గర దగ్గరగా ఉంటే పోయాయి. ఆ తర్వాత కడ్డీలు చూడు. మన ఉప్పుగాలికి తుప్పు పట్టి విరుగుతాయి.

ఆ పని చేసేటప్పుడు చక్రానికీ పైరేకుకీ మధ్య చెయ్యి పెట్టకు. కింద దూరేవాడెవడైనా చెక్కదిమ్మలు పెట్టి దూరాలి. అది చెప్పా పెట్టకుండా కూచుంటుంది. నూనె తగ్గితే దానికని అమ్మే నూనే పొయ్యాలి. కోనసీమ వాడివి, కొబ్బరినూనె పొయ్యగలవు నువ్వు.

పక్కన కూచుని మీ చెల్లెలు పలక మీద రాసి చూపిస్తోంది: "బండి చూసి శారోన్ ఏమందో అడగండి." అడిగేను.

శ్యామ్ సుందర్.


అంబాజీపేట,
జూలై మూడో వారం.

బావగారికి,

కడ్డీయే బావగారూ! గుండు కాదు. గీతల మధ్య ఎడం బాగా ఉంది. మా మెకానిక్ తాతాజీ చెక్కదిమ్మలు పెట్టుకుని కిందకి దూరి, తుప్పు పట్టి తెగిపోయిన కడ్డీ ముక్క చేత్తో పట్టుకొచ్చేడు. కొత్తది వేసేం. ఇప్పుడు బండి బల్లపరుపుగా నిలబడుతోంది. ఈసారికి మీరు ఓడిపోయేరు. కొబ్బరినూనె మాటకి నిర్మల ఇంకా నవ్వుతోంది.

ఇక్కడి వైభవం మీరు చూడాలి. ఉదయం బయల్దేరేటప్పుడు వీధిలో పిల్లలు కాచుకుని ఉంటారు. ఒకసారి దించి చూపిస్తాను. మురమళ్ళలో గుడి వీధి టీకొట్టు దగ్గర ఆపుతాను. అక్కడ సూర్యప్రకాశరావు గారని వేదం చదువుకున్న పెద్దాయన, "ఏమండీ ఆనందరావు గారూ, ఇవాళ మీ వాహనం దణ్ణం పెట్టలేదే?" అంటారు. "ఆయ్, పెడుతుందండీ!" అని దించుతాను. "ఎవరి దేవుడికైనా దణ్ణం దణ్ణమే కదండీ" అని ఆయన నవ్వుతారు. బడి గేటు దగ్గరైతే చెప్పక్కర్లేదు. పిల్లలంతా చుట్టూ మూగి "మేడమ్ గారి ఏనుగొచ్చింది!" అని చప్పట్లు. శారోన్ దిగేటప్పుడు నేను గర్వంతో పక్కన నిలబడతాను. చర్చి దగ్గర ప్రతి ఆదివారం సరే సరి. కొత్తగా ఎవరొచ్చినా పాస్టరు గారే నా వైపు చూస్తారు.

ఇందిర అడిగింది కదా శారోన్ ఏమందని. ఏమంటుంది, బంగారు తల్లి! "నాన్నా, బడి దాకా వద్దు, మలుపు దగ్గర దించెయ్యండి, నేను నడిచి వెళ్తాను" అంటోంది. గేటు దగ్గర బురద, బండి పాడవుతుందని దాని బాధ. ఎంత ఆలోచిస్తుందో చూడండి! నేను వినలేదు. గేటు దాకా తీసుకెళ్ళే దించుతున్నాను.

ఈ మధ్య లేవడానికి మొరాయిస్తోంది. మూలుగుతుంది, సగం లేచి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే తర్వాత లేస్తుంది. తాతాజీకి అంతుపట్టలేదు. ఏం చెయ్యమంటారు?

మీ
ఆనందరావు.


విశాఖపట్నం,
ఆగస్టు మొదటి వారం.

బావా,

ఓడిపోయిన మాట ఒప్పుకున్నాను. ఈసారి ఓడిపోను.

అది పంపు. గుండ్లు బాగున్నాయి, కడ్డీ బాగుంది, మట్టం బాగుంది, అయినా లేవలేక కాసేపాగి లేస్తోందంటే పంపు కాగిపోతోంది. మోటారు చల్లారేక మళ్ళీ పనిచేస్తోంది. అది అదే పనిగా తిరగడానికి చేసింది కాదు. ఎక్కేముందు ఒకసారి, ఎక్కేక ఒకసారి, అంతవరకే.

నాలుగు దశాబ్దాలు ఇంజన్లు విప్పినవాణ్ణి, ఒక మాట అడుగుతాను. పంపు ఊరికే పాడవదు బావా, ఎవరో పాడుచెయ్యాలి. నువ్వు రోజుకి ఎన్నిసార్లు దించి లేపుతున్నావు? నాకు అబద్ధం రాయకు, బండి నిజం చెప్పేస్తుంది. అవసరానికి తప్ప ఆ స్విచ్చి ముట్టుకోకు. ఎవరడిగినా సరే.

శ్యామ్ సుందర్.


అంబాజీపేట,
ఆగస్టు ఆఖరు.

బావగారికి,

మీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేకపోయాను. వానలు, గోదారి పొంగు, ఇంట్లో పనులు.

రోజుకి రెండు మూడు సార్లే దించుతున్నాను.

ఆ ముక్క రాసి కాయితం పక్కన పెట్టేను. నిర్మల చదివి, "బావగారికి కూడానా?" అంది. కొట్టెయ్యకుండా అలాగే వదిలేస్తున్నాను. రెండు మూడు కాదు బావగారూ. ఎవరడిగితే అప్పుడు. అడక్కపోయినా. ఖాళీ బండి కాదు, పిల్లని అందులో కూచోపెట్టి. ఖాళీగా దించితే చూసేవాళ్ళకి అర్థం కాదని.

మీ ఉత్తరం వచ్చేక మానేద్దామనుకున్నాను. ఆగస్టు పదిహేనుకి బళ్ళో జెండా వందనం. హెడ్‌మాస్టరమ్మ లీలావతి గారు తల్లిదండ్రులందరి ముందూ మైకులో, "మన కొత్త టీచరు గారి నాన్నగారు, ఆ బండి..." అన్నారు. నా ఒళ్ళు నాకు తెలీలేదు. బండి జెండా కర్ర దాకా తెచ్చేను. శారోన్ నా దగ్గరకొచ్చి మెల్లగా, "ఇవాళ వద్దు నాన్నా" అంది. "ఒక్కసారేనమ్మా, పెద్దవాళ్ళు అడుగుతుంటే బాగోదు" అన్నాను.

ఎక్కింది. స్విచ్చి నొక్కేను. ముందు లేచింది, వెనక లేవలేదు. మూలిగింది. మళ్ళీ నొక్కేను. ఎక్కణ్ణుంచో కమురు వాసన, సన్నగా పొగ. ఎవరో "మంట!" అన్నారు. ఇద్దరు మగాళ్ళు పరిగెత్తుకొచ్చి తలుపు లాగి, పిల్లని చెరో పక్కా పట్టుకుని ఎత్తి బయటికి తెచ్చేరు. చంకకర్రలు లోపలే ఉండిపోయాయి. మంటా లేదు ఏమీ లేదు. కర్రలు తెచ్చేదాకా దాన్ని అలా మోస్తూనే ఉన్నారు, దాని క్లాసు పిల్లలందరి ఎదురుగా. చిన్నపిల్లలు కదా, అదీ ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టేరు.

ఇంటికి ఆటోలో వచ్చేం. తర్వాత రెండ్రోజులకి శారోన్, వరద తగ్గేదాకా తోటి టీచరు శ్రీలలిత గారింట్లో మురమళ్ళలోనే ఉంటానని బట్టలు సర్దుకుంది. వరద తగ్గింది. ఇంకా రాలేదు. ఫోను చేస్తే బాగానే మాట్లాడుతుంది. అన్నం తిన్నారా, మాత్రలేసుకున్నారా అని అడుగుతుంది. బండి మాట ఎత్తదు.

బండి వాకిట్లో ఉంది. తాడు కట్టి తెచ్చేం. దిగిపోయే ఉంది, లేవడం లేదు. వర్షంలో దాన్ని చూస్తుంటే నాకే మొహం చెల్లడం లేదు.

పంపు దొరుకుతుందా?

ఆనందరావు.


విశాఖపట్నం,
సెప్టెంబరు మూడో వారం.

బావా,

శారోన్ ఇక్కడికి వచ్చింది. కొత్త టీచర్లకి ట్రైనింగని, వారం మా ఇంట్లోనే ఉంది. నీకు ఫోనులో చెప్పే ఉంటుంది. ఇది చెప్పి ఉండదు.

నాకు చెవులు లేవు కదా, నాతో మాట్లాడాలంటే పలకే. మొదటి రోజు నేను మామూలుగా నీ బండి గొడవ ఎత్తేను. పాత బళ్ళు విప్పి అమ్మేవాడి దగ్గర పంపు ఒకటి చూసేను, బాగు చేయించి మీ నాన్నకి పంపిస్తున్నానమ్మా అన్నాను. అది పలక తీసుకుని రాసింది: "మావయ్యా, అది ఎప్పటికీ పైనే ఉండిపోయేలా చెయ్యగలరా?"

నాకు అర్థం కాలేదు. పైనుంటే నువ్వెలా ఎక్కుతావే అన్నాను. తుడిచేసి మళ్ళీ రాసింది: "ఎక్కగలను. టైమ్ పడుతుంది. నాన్న ఆగలేరు."

ఆ తర్వాత మీ చెల్లెలితో మాట్లాడింది. ఇందిర తీరిగ్గా నాకు రాసి చూపించింది. ఒక చేత్తో తలుపు పిడి, ఒక చేత్తో సీటు పట్టుకుని, కేలిపరు ఉన్న కాలు ముందు పెట్టి తిరిగి కూచోవడం కాలేజీ రోజుల్లోనే హాస్టల్లో నేర్చుకుందిట. ఊళ్ళో ఎప్పుడూ చెయ్యనివ్వలేదుట నువ్వు. అది పిడి పట్టుకునేలోపే నీ చెయ్యి దాని నడుం కింద ఉండేదిట. "నాన్న మీద నాకు కోపం లేదత్తా, కానీ నా పిల్లలు నన్ను టీచరుగా చూడ్డం మొదలెట్టేలోపే నేను ఏనుగు మీద బొమ్మనైపోయాను" అందిట.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నేను కడ్డీ అడిగేను, గుండు అడిగేను, పంపు అడిగేను. ఇందిర అడిగిన దానికి నీ ఉత్తరంలో జవాబు ఉంది. మలుపు దగ్గర దించెయ్యమంటోందని నువ్వే రాసేవు. అది చదివి నేను పంపు గురించి ఆలోచించేను. నీకు కళ్ళెదురుగా ఉండీ తెలీలేదు, నాకు అక్షరాల్లో ఉండీ తెలీలేదు.

పంపు పార్సిల్లో వేసేను. తాతాజీ చేత బిగించి, పాత నూనె పూర్తిగా తీయించి, గొట్టాల్లో గాలి పోయేదాకా వదిలించు. లేచి నిలబడ్డాక వారానికి ఒక్కసారి మాత్రం దించి లేపు. అసలు వాడకపోతే రబ్బరు సీళ్ళు ఎండిపోయి నూనె కారడం మొదలెడుతుంది. అది బండికి. మిగతాదానికి నా దగ్గర మందు లేదు.

శ్యామ్ సుందర్.


అంబాజీపేట,
నవంబరు.

బావగారికి,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేను చాలా రోజులు.

పంపు బాగా కుదిరింది. బండి లేచి నిలబడింది. తాతాజీ, "ఓసారి దింపి చూపించండి పెదనాన్న గారూ" అన్నాడు. వద్దురా అన్నాను. వాడు వింతగా చూసేడు.

శారోన్ మురమళ్ళలోనే ఉంటోంది. శ్రీలలిత గారి మేడ కింద గది తీసుకుంది. మూడు చక్రాల స్కూటరు కొనుక్కుంది. బడికి తనే వెళ్తోంది. స్కూటరు కావాలని ఎప్పట్నుంచో అడుగుతోందట, నిర్మల చెప్పింది. నాతోనూ అందిట రెండు మూడుసార్లు. నాకు గుర్తులేదు బావగారూ. నా కూతురు నన్ను ఏం అడిగిందో నాకు గుర్తులేదు. ఎవరెవరు చప్పట్లు కొట్టేరో మాత్రం అందరి మొహాలూ గుర్తున్నాయి.

మొన్న శనివారం దాన్ని తీసుకురావడానికి వెళ్ళేను. స్కూటరు రిపేరుకిచ్చింది, "నాన్నా, వస్తారా?" అని అదే ఫోను చేసింది. ఎగిరి గంతేసేను. గేటు దాకా వెళ్ళలేదు. మలుపు దగ్గర ఆపి, ఇంజను ఆపకుండా కూచున్నాను. టీకొట్టు దగ్గర సూర్యప్రకాశరావు గారు దణ్ణం గురించి అడిగితే, "ఇంక మానేసిందండీ" అని చెప్పేసి వచ్చేను. ఆయన ఏమనుకున్నారో.

శారోన్ నడిచి వచ్చింది. నా వేలు అప్పటికే స్విచ్చి మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలీదు. తీసేసేను. దిగి సాయం చెయ్యకుండా ఉండడానికి స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ కూచున్నాను. కర్రలు వెనక సీట్లో పడ్డ చప్పుడు. పిడి పట్టుకున్న చప్పుడు. కేలిపరు టక్కుమంది. దాని ఊపిరి వినపడుతోంది, ఆయాసంగా. ఒకసారి జారింది. నా ప్రాణం జారిపోయింది. అయినా నేను తల తిప్పలేదు. మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టింది. ఎంతసేపో తెలీదు బావగారూ, ముప్ఫై ఏళ్ళుగా నేను ఆగనిది అంతసేపే.

కూచుంది. తలుపు వేసుకుంది. చెమట తుడుచుకుంది. బండి కదిలేక అడిగింది, "దించలేదేం నాన్నా?" అని.

"నువ్వు అడగలేదు కదమ్మా" అన్నాను.

కాలవ వంతెన దాటేక, "ఎప్పుడైనా బాగా అలిసిపోతే అడుగుతాను" అంది. దాని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, బతిమాలుకునేవాణ్ణి.

ఆదివారం సాయంత్రం దింపేసి వచ్చేను. అప్పుడూ అడగలేదు.

మీరు చెప్పినట్టు వారానికి ఒకసారి దించి లేపుతున్నాను. చర్చి నుంచి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయేక, మా వాకిట్లో, ఎవరూ లేకుండా. ముందు మూతి వంచుతుంది, తర్వాత నడుం. ఖాళీ సీటుతో కాసేపు అలా ఉంటుంది. నేనూ పక్కన నిలబడతాను. మళ్ళీ లేపేసి లోపలికొస్తాను. సీళ్ళు ఎండిపోకూడదు కదండీ. పిల్ల అడిగిన రోజున బండి దిగాలి.

ఇందిరని అడిగినట్టు చెప్పండి. శారోన్ ఏమందని ఇంకోసారి అడిగితే, ఈసారి సరిగ్గా విని రాస్తాను.

మీ
ఆనందరావు.